కంపెనీకి ఒక్కటే నాలుక

బాలత్రిపురసుందరి వంట చేస్తూ రుచి చూడదు. ఈ సంగతి ముందే చెప్పేయాలి, లేకపోతే తర్వాత జరిగిన తెలివితక్కువతనమంతా ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికీ బోధపడదు. వండుతూ వండుతూ గరిటె నాకితే వంటంతా ఎంగిలైపోతుందని ఆవిడ పట్టు. అమలాపురంలో అత్తారింటి పొయ్యి దగ్గర మొదలైన పట్టు అది. కూతురి దగ్గరకని కెనడా వచ్చి, ఊరికే కూర్చోలేక ఉద్యోగానికి కుదిరి, అంత పెద్ద గ్యాసు పొయ్యిల వరస ముందు నిలబడ్డా సడలలేదు. రంగు చూస్తుంది, వాసన చూస్తుంది, గుప్పిట్లోకి ఉప్పు తీసి వేస్తుంది. నోట్లో మాత్రం వేసుకోదు. మధ్యాహ్నం భోజనం కూడా ఇంటికి పోయి, తన దేవుడికి తను పెట్టుకున్నాకే.

అందుకని కిచెనర్ పక్కన కేంబ్రిడ్జ్‌లో, భోజనం డబ్బాలు కట్టి ఇళ్లకి పంపే ఆ వంటశాలలో రుచి చూసే పని యజమాని కోదండరామ్‌ది. ఆ పని అతనికెవరూ ఇవ్వలేదు, అతనే తీసుకున్నాడు. పొద్దున్న డబ్బాలు కట్టే వేళకి తెల్లకోటు తొడుక్కుని, తలకి వల టోపీ తగిలించుకుని, జేబులోంచి సొంత వెండిచెంచా తీసేవాడు. ప్రతి గిన్నెలోంచీ ఓ చెంచాడు నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేవాడు. పనివాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయేవారు. "ఓ చిటికెడు ఉప్పు పిన్నిగారూ," అంటే సుందరమ్మ చిటికెడు వేసేది. "పంపించండి," అంటే డబ్బాలు వ్యానెక్కేవి. ఇందులో అప్పీలు లేదు. గుంటూరులో పుట్టి, న్యూజెర్సీలో కంప్యూటర్ల ముందు సగం వయసు గడిపి, కిచెనర్‌లో మిగతా సగం గడుపుతుండగా ఉద్యోగం ఊడిన మనిషికి సొంత ఆస్తి అంటూ మిగిలింది ఆ నాలుకొక్కటే. దాన్ని పెట్టుబడిగా పెట్టే కంపెనీ తెరిచాడు.

తెరిచిన వేళ మంచిది. ఆ రెండేళ్లూ కిచెనర్‌లో ఏ ఇంటి బేస్‌మెంట్ తలుపు తట్టినా లోపల తెలుగే పలికేది. ఆరేడుగురు పిల్లలకి ఒక పొయ్యి, ఆ పొయ్యి మీద అన్నం ఒక్కటే ఉడికేది, అదీ అడుగంటేది. పొద్దున కాలేజీ, సాయంత్రం వేర్‌హౌస్ షిఫ్టు, మధ్యలో బస్సు కోసం చలిలో గెంతులు. అలాంటివాళ్ల గుమ్మంలోకి పప్పు, కూర, పులుసు, పెరుగుతో వేడి డబ్బా వస్తుందంటే ఎవరు వద్దంటారు? ప్రతి సెప్టెంబరుకీ డబ్బాలు పెరిగాయి. కోదండరామ్ కూడా పెరిగాడు.

ఎందుకు పెరగడు? రుచి చూడటం చెంచాతో మొదలై పళ్లెంతో ముగిసేది. ఆఫీసు గది పైన ఉండేది. మెట్లెక్కేసరికి ఆయాసం. ఆ ఆయాసంలో ఎవరెదురైతే వాళ్లకి తిట్లు. మధ్యాహ్నం ఆవకాయన్నం తిని మీటింగులో కూర్చుంటే, డెలివరీలు చూసే శంకర్ మొదటి మాట పూర్తి చేసేలోపే గురక. గురక మధ్యలో ఉలిక్కిపడి లేచి, "సరే, అలాగే చేసేయండి," అనేవాడు. ఏం చేసేయమన్నాడో అతనికీ తెలిసేది కాదు. ఓసారి అలా నిద్రలో అన్న 'సరే'కి రెండు టన్నుల శనగపప్పు వచ్చి పడింది. ఆ శీతాకాలమంతా విద్యార్థులు శనగపప్పు కూర, శనగపప్పు పొడి, శనగపప్పు పచ్చడి తిని, ఆదివారం పండగ అంటే ఆశగా డబ్బా తెరిచి పూర్ణాలు చూసి ఏడ్చినంత పని చేశారు.

శంకర్ వరంగల్ వాడు. చదువుకోడానికి వచ్చి, చదువయ్యాక వర్క్ పర్మిట్ మీద ఇక్కడే చేరాడు. పీఆర్ కోసం, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతి కోసం, అప్లై చేయాలంటే కంపెనీ నుంచి ఒక ఉత్తరం కావాలి. అడగడానికి మెట్లెక్కినప్పుడల్లా యజమాని ఆయాసంలోనో, ఆకలిలోనో, నిద్రలోనో ఉండేవాడు. మూడింటిలో ఏదైనా ఫలితం ఒక్కటే. శంకర్ తిట్లు తిని దిగి వచ్చేవాడు.

ఇలా ఉండగా ఆగస్టులో ఓ ఆదివారం డాక్టర్ విశ్వనాథం గారింట్లో భోజనం. ఆయన గుండె డాక్టరు. తను రిటైరయ్యాడు గానీ బీపీ మిషన్ని రిటైర్ కానివ్వలేదు. వచ్చిన అతిథి చేతికి ముందు పట్టీ చుట్టి, తర్వాతే ప్లేటు ఇచ్చేవాడు. కోదండరామ్ చేతికి చుట్టి అంకె చూశాడు. మిషన్ చెడిపోయిందేమోనని తన చేతికి చుట్టుకుని చూసుకున్నాడు. మళ్లీ కోదండరామ్ చేతికి చుట్టాడు. మిషన్ నిక్షేపంలా ఉంది.

"కోదండం, ఆ వంటశాల నువ్వు కాకుండా ఇంకెవరు నడుపుతున్నారు?" అనడిగాడు ఆయన.

"ఎవరున్నారు అంకుల్, అన్నీ నేనే."

"అయితే నువ్వు పడిపోయిన రోజున దానికీ తాళమే. మీ డాక్టరు మాత్ర రాస్తాడు, వేసుకో. రోజూ నడువు. ఉప్పు మానెయ్. రెండు మూడు నెలలు కష్టంగా ఉంటుంది. తర్వాత నాలుకే దారికొస్తుంది. చప్పిడే కమ్మగా ఉంటుంది."

డాక్టరు మాట పూర్తయ్యేలోపే కోదండరామ్ ప్లేటులోని అప్పడం మాయమైంది. తీసింది అతని భార్య మృదుల. వాటర్లూలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ప్రమాదాలు అంచనా వేయడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లో ప్రమాదం ఏమిటో మిషన్ చెప్పాక ఆవిడ ఇంక ఆలస్యం చేయలేదు. ఆ సాయంత్రమే ఆవకాయ జాడీ పక్కింటికి వెళ్లిపోయింది. మాగాయ ఎక్కడికి వెళ్లిందో ఈ రోజుకీ తెలీదు. కోదండరామ్ నెత్తీ నోరూ కొట్టుకుంటే ఒక్క రాయితీ ఇచ్చింది. వంటశాలలో రుచి చూసుకోవచ్చు, కానీ చెంచా కొన తడిసినంత మాత్రమే.

మొదటి నెల నరకం. చప్పిడి పప్పు ముందు కూర్చుని, తనేం పాపం చేశాడని ఈ శిక్ష అని నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. రెండో నెల తిట్టుకుంటూ తిన్నాడు. మూడో నెలలో ఓ రోజు ఉత్త సొరకాయ కూర నోట్లో పెట్టుకుని, "మృదులా, సొరకాయ తియ్యగా ఉంటుందని నాకిన్నాళ్లూ తెలీనే తెలీదు సుమా," అన్నాడు. ఆవిడ నమ్మలేక అతని నుదురు పట్టుకుని చూసింది.

ఒళ్లు కరిగింది. ప్యాంట్లు జారిపోయి బెల్టుకి కొత్త కన్నాలు పొడిపించాల్సి వచ్చింది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కడం మొదలెట్టాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఇంక లోకం మీద పడ్డాడు. తెలుగు వ్యాపారస్థుల జూమ్ మీటింగులో 'ముందు ఒళ్లు, తర్వాతే కంపెనీ' అని ఉపన్యాసం ఇచ్చాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, ఆ ఉపన్యాసమే మళ్లీ వంటశాలలోనూ ఇచ్చాడు. కుర్చీలో కూర్చుంటే మెదడు కూడా కూర్చుంటుందని చెప్పి, మీటింగులన్నీ నడుస్తూనే అన్నాడు. నడిచేదెక్కడ? పార్కింగ్ లాటులో. ఎప్పుడు? జనవరిలో. వెనక శంకర్, ఆ వెనక డబ్బాలు కట్టేవాళ్లు, ముందు చేతులూపుకుంటూ కోదండరామ్. మంచులో వ్యాన్ల చుట్టూ ప్రదక్షిణాలు. పెదాలు గడ్డకట్టి ఎవరికీ నోరు పెగిలేది కాదు కాబట్టి అన్ని విషయాలకీ ఏకగ్రీవంగా ఆమోదం దొరికేది. దాన్ని అతను తన నాయకత్వమనుకున్నాడు.

నవ్వుకోండి గానీ, న్యాయం కూడా చెప్పుకోవాలి. మనిషి నిజంగానే మారాడు. తిట్లు ఆగిపోయాయి. మధ్యాహ్నం మెలకువగా ఉండి, ఏ సరుకు ఎంత కావాలో తనే లెక్క చూశాడు. ఎవరి పిల్లకి జ్వరమో, ఎవరి రూములో హీటర్ చెడిందో అడిగి తెలుసుకున్నాడు. నెలల తరబడి పెండింగులో ఉన్న శంకర్ ఉత్తరం ఒక్క పూటలో రాసి, సంతకం పెట్టి, కిందికి దిగి వచ్చి మరీ చేతికిచ్చాడు. శంకర్ ఆ కాయితం పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాడు. అతనికి అది నిజమని నమ్మకం కుదరలేదు.

అంతా బాగానే ఉంది. అదే వేళకి కంపెనీ నాలుక మాత్రం కంపెనీని వదిలి వెళ్లిపోయింది. ఆ సంగతి యజమానికి తెలీదు.

డిసెంబరులో ఓ పొద్దున్న పప్పు రుచి చూసి మొహం ముడిచాడు. "పిన్నిగారూ, ఉప్పెక్కువైంది."

సుందరమ్మ ఆశ్చర్యపోయింది. "నేనేసేది ఎప్పుడూ వేసే గుప్పెడే కదా నాయనా?"

"గుప్పెడు పెద్దదైందేమో చూసుకోండి."

ఆవిడ అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. ఈ వయసులో చెయ్యి పెరుగుతుందా అనుకుంది గానీ, తినేవాడి మాట కాదనకూడదని తగ్గించింది. వారం తిరక్కుండా మళ్లీ ఎక్కువైందన్నాడు. మళ్లీ తగ్గించింది. సంక్రాంతి నాటికి ఆవిడ గుప్పెడు చిటికెడైంది. ఊరగాయల జోలికొస్తే మాత్రం చెయ్యి అడ్డం పెట్టేసింది. "బూజు పడితే ఎవడు తింటాడు, నువ్వు అవతలికి పో," అంది. అవి తప్ప వంటశాలలో మిగతావన్నీ చప్పబడ్డాయి. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందిట ఉప్పు. ఇక్కడ దాన్ని తప్ప అన్నీ వేశారు.

విచిత్రమేమిటంటే డబ్బాలు తగ్గలేదు. ఫిర్యాదులూ ఆఫీసు గది దాకా రాలేదు. పైగా ఆన్‌లైన్‌లో ఎవరో కుర్రాడు ఐదు చుక్కలిచ్చి, 'ఈ కంపెనీ వాళ్లు గ్రేట్. ఎవరి టేస్టు వాళ్లకి వదిలేస్తారు. రెస్పెక్ట్' అని రాశాడు. కోదండరామ్‌కి అది పూర్తిగా అర్థం కాలేదు గానీ, పొగడ్త అర్థం కాకపోయినా పర్లేదు కదా. పార్కింగ్ లాటు మీటింగులో గొంతెత్తి చదివి వినిపించాడు. "చూశారా, మనం కస్టమరుకి స్వేచ్ఛ ఇస్తున్నాం," అన్నాడు. అందరూ మంచు వంక చూశారు. శంకర్ చేతులు జేబుల్లోకి ఇంకాస్త లోపలికి తోశాడు. ఆ మధ్య అతని జాకెట్ జేబులు ఎప్పుడూ ఉబ్బెత్తుగా ఉంటున్నాయి, నడిస్తే గరగరమంటున్నాయి. చలికి ఏదో పెట్టుకుని ఉంటాడనుకున్నాడు కోదండరామ్.

ఆ జనవరిలోనే వార్త వచ్చింది. ప్రభుత్వం స్టడీ పర్మిట్లకి కోత పెట్టింది. వచ్చే సెప్టెంబరుకి ఈ బేస్‌మెంట్లు ఇంతగా నిండవు. పిల్లలు లేకపోతే డబ్బాలు లేవు. డబ్బాలు లేకపోతే సగం మందిని ఇంటికి పంపాలి. శంకర్ పీఆర్ ఇంకా రాలేదు, అతని ఫైలు ఈ ఉద్యోగాన్ని పట్టుకునే వేలాడుతోంది. ఇది తలుచుకుంటే కోదండరామ్‌కి గుండెలో రాయి పడ్డట్టుండేది. మునుపైతే ఆ బెంగకి రెండు ప్లేట్లు పులిహోర తిని పడుకునేవాడు. ఇప్పుడు నడిచాడు. నడుస్తూ నడుస్తూ ఒక దారి ఆలోచించాడు.

ఆ దారి పేరు కేశవరావు. బ్రాంప్టన్, మిస్సిసాగాల్లో నాలుగు పెద్ద కిరాణా దుకాణాలున్నాయి ఆయనకి. వండి ఫ్రీజ్ చేసిన కూరల్ని ఆయన షాపుల్లో పెట్టిస్తే, విద్యార్థులు వచ్చినా రాకపోయినా వంటశాల నడుస్తుంది. కాయితాలు చూసి సంతకం పెట్టే మనిషి కాదు కేశవరావు. తిని పెడతాడు. ఎవరి సరుకైనా వండినచోటుకే వచ్చి, కూర్చుని, కడుపునిండా తిని చూశాకే మాట ఇస్తాడని ప్రతీతి. నెల్లాళ్లు వెంటపడితే ఒక శనివారం వస్తానన్నాడు. కోదండరామ్ అందరినీ పిలిచి దాచకుండా చెప్పాడు. "ఆయన ఊఁ అంటే ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. ఊఁహూఁ అంటే సెప్టెంబరులో ఏమవుతుందో నాకు తెలీదు."

శనివారం వచ్చింది. సుందరమ్మ తెల్లవారకముందే తలస్నానం చేసి వచ్చి గుత్తివంకాయ, బెండకాయ పులుసు, మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు చేసింది. మృదులకి సెలవు కాబట్టి ఆవిడా వచ్చి వడ్డనకి నిలబడింది. కోదండరామ్ కోటు తొడుక్కుని, వెండిచెంచా కొనతో గుత్తివంకాయ రుచి చూసి, కళ్లు మూసుకుని చాలాసేపు తెరవలేదు.

"అద్భుతం పిన్నిగారూ. ఇంతకన్నా ఎవరూ చేయలేరు," అన్నాడు. అతని మాటలో ఇసుమంత అబద్ధం లేదు. ఖర్మేమిటంటే అదే.

కేశవరావు వచ్చాడు. ఆయన కన్నా ముందు ఆయన పొట్ట వచ్చింది. కారు దిగి తలుపు దాకా నడిచేసరికి బుస కొడుతున్నాడు. కోదండరామ్‌కి ఆ బుస బాగా ఎరిగినదే. ఆయన్ని చూస్తే మనసులో జాలీ, దాని పక్కనే కాస్త గర్వమూ కలిగాయి. కుర్చీ వేశారు. అరిటాకు ఆకారంలో కోసిన కాగితం మీద అన్నీ వడ్డించారు. కేశవరావు గుత్తివంకాయ కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. పులుసు కలిపి ఒక ముద్ద తిన్నాడు. పప్పు వేలితో తాకి నాలిక్కి రాసుకున్నాడు.

"బావుందండీ," అన్నాడు.

పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చనివాళ్లు కాఫీ గురించి అనే 'బావుంది' అది. మృదుల చేతిలో గరిటె ఆగిపోయింది. కేశవరావు మర్యాదగా ఇంకో ముద్ద తిని, తల ఎత్తి, "ఏమనుకోకమ్మా, కాస్త ఉప్పుంటే వేస్తావా," అన్నాడు.

సుందరమ్మ నిలుచున్నచోటే కొయ్యబారింది. ఆవిడ వడ్డించిన విస్తరి ముందు కూర్చుని ఉప్పు అడిగిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. కోదండరామ్‌కి ఏమీ అర్థం కాలేదు. ఇంతలో శంకర్ చెయ్యి అలవాటుగా జేబులోకి పోయి, ఉప్పు పొట్లం ఒకటి తీసి ఆకు పక్కన పెట్టింది. బర్గరు దుకాణాల్లో ఊరికే ఇస్తారే, ఆ బుల్లి కాగితం పొట్లం. పెట్టాక గానీ ఏం చేశాడో అతనికి తెలిసిరాలేదు. తెలిసేలోపు అటునుంచి డబ్బాలు కట్టే అమ్మాయి ఒకటి పెట్టింది. ఇటునుంచి వ్యాను నడిపేవాడు ఇంకోటి పెట్టాడు. కూరగాయలు తరిగేవాడు రెండు పెట్టాడు. ఆకు చుట్టూ తెల్లటి పొట్లాలు పేరుకున్నాయి.

కేశవరావు ఒక పొట్లం చింపి, పప్పులో చల్లుకుని, తిన్నాడు. ఇంకోటి చింపాడు.

"శంకర్," అన్నాడు కోదండరామ్. "ఏమిటివి?"

"ఉప్పు సార్."

"అది కనబడుతోంది. మీ అందరి జేబుల్లో ఎందుకుంది?"

శంకర్ నేల చూపులు చూశాడు. "డబ్బాకొకటి పెట్టి పంపుతున్నం సార్. సంక్రాంతి ముందుకెల్లి. పిల్లలు చప్పగుందని ఫోన్లు మీద ఫోన్లు చేసిండ్రు. ముందు బర్గర్ షాపుల నుంచి తెచ్చిన. వాళ్లు నన్ను చూస్తే పొట్లాలు దాచుడు మొదలువెట్టిండ్రు. ఇంక మేమే తలా ఇంత వేసుకొని కొంటున్నం."

ఐదు చుక్కల కుర్రాడు రాసింది దేని గురించో కోదండరామ్‌కి అప్పుడు తెలిసింది. మెడ కిందనుంచి వేడి పైకెక్కింది. ఎన్నో నెలలుగా కనబడని పాత కోపం, ఎక్కడికీ పోకుండా లోపలే కాచుక్కూర్చున్నట్టు, ఒక్క అంగలో గొంతు దాకా వచ్చింది. నా కంపెనీలో, నా వెనకాల, నా కూరలో ఉప్పా అని అరవడానికి నోరు తెరిచాడు. అదే క్షణంలో శంకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అతనొక్కడే కాదు, అందరూ వేశారు. పాత రోజుల్లో మెట్ల మీద ఎదురైనప్పుడు వేసేవాళ్లే, అలాగే.

కోదండరామ్ నోరు మూసుకున్నాడు. సిగ్గేసింది. అంత సిగ్గు అతనికి ఉద్యోగం పోయిన రోజున కూడా వేయలేదు.

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాడు మెల్లగా.

"ఎట్ల చెప్తం సార్. ఉప్పు తక్కువైందంటే మీరే పళ్లెం నిండ తిని చూస్తరు. మళ్లా బీపీ పెరుగుతది. మళ్లా మునుపటి లెక్క అయితరు. ఇప్పుడు మంచిగున్నరు సార్ మీరు. చప్ప కూరకు పొట్లముంటది. మీకేముంటది?" శంకర్ పొట్లాల వంక చూసి, "మీ ఉప్పు తిన్నోళ్లం అందామంటే అది సుత లేదాయె," అన్నాడు.

మృదుల అటు తిరిగి ముక్కు చీదుకుంది. కేశవరావు నవ్వాపుకోలేక పొలమారి నీళ్లు తాగాడు. తాగి, గ్లాసు కింద పెట్టి, వ్యాపారంలోకి దిగాడు.

"కోదండరామ్ గారూ, చెయ్యి గొప్ప చెయ్యి. ఉప్పు పడితే ఈ వంకాయకి తిరుగులేదు. కానీ నా షాపులో పెట్టెకి పొట్లం అంటించి అమ్మలేను కదా. ఇక్కడ రుచి చూసేదెవరు?"

"నేనే."

"ఇంకెవరూ చూడరా?"

"లేదండీ. నేనొక్కణ్ణే."

"అయితే కష్టమండీ. ఏమీ అనుకోవద్దు, మీ నాలుకని నమ్మి నేను డబ్బు పెట్టలేను," అని కేశవరావు చెయ్యి కడుక్కోడానికి లేవబోయాడు.

అక్కడితో అయిపోయేలా ఉంది. పనివాళ్లు పన్నెండు మందీ కోదండరామ్ మొహం వంకే చూస్తున్నారు. అతనికి తోచింది ఒక్కటే. "పది రోజులాగండి," అన్నాడు గబగబా. "రేపట్నుంచి ఉప్పు తింటాను. అన్నీ తింటాను. పది రోజుల్లో నా నాలుక తిరిగొస్తుంది. అప్పుడు రండి."

"తిరిగొచ్చేది నాలుకొక్కటేనా?" అంది మృదుల.

అంతే అంది. కోదండరామ్ చేతిలో వెండిచెంచా ఉంది. కళ్లు మూసుకుని 'పంపించండి' అనే ఆ ఒక్క నిమిషం కోసమే తను రోజూ పొద్దున్నే లేస్తున్నాడని అతనికి తెలుసు. దాన్ని వదలడం అప్పడం వదిలినంత తేలిక కాదు. ఆవకాయ వదిలినప్పుడు కూడా ఇంత బాధ కలగలేదు. ఇందాక అందరూ వెనక్కి వేసిన ఆ అడుగు మళ్లీ గుర్తొచ్చింది. కోటు విప్పి కుర్చీ మీద వేసి, చెంచా సుందరమ్మ ముందుకి చాపాడు.

"పిన్నిగారూ, ఇకమీదట నేను రుచి చూడను. మీ నియమం నాకు తెలుసు. తప్పయితే క్షమించండి. కానీ మీకన్నా తెలిసినవాళ్లు ఇక్కడెవరూ లేరు. మీరే చూడాలి."

సుందరమ్మ చెంచా వంక చూసింది. "నీ ఎంగిలి చెంచా నాకెందుకు నాయనా? కడిగి ఇచ్చినా వద్దు," అంది. "దేవుడికి చూపించాక ప్రసాదమవుతుంది, దాన్ని తింటే ఎంగిలేమిటి? ఇంట్లో నేను రోజూ తినేది ఏమిటనుకున్నావు?"

కోదండరామ్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మరి ఇన్నేళ్లూ ఇక్కడ..."

"ఇన్నేళ్లూ నన్నడిగావా? నువ్వే కోటేసుకుని, కళ్లు మూసుకుని, అందరి మధ్యా నిలబడుతుంటే అదేదో నీ సరదా కాబోలని ఊరుకున్నాను. పెద్దదాన్ని, నేనెందుకు అడ్డం రావాలి?"

ఆవిడ ఇంక ఎవరినీ అడగలేదు. గోడకున్న క్యాలెండరు వెంకటేశ్వరస్వామి ముందు చిన్న గిన్నెలో గుత్తివంకాయ పెట్టి, నీళ్లు తిప్పి, దణ్ణం పెట్టుకుంది. ఆకు ముందు కూర్చున్న కేశవరావు కూడా ఎంగిలి చెయ్యి పక్కన పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. సుందరమ్మ ఆ గిన్నెలోంచి కొంచెం చేతిలో వేసుకుని నోట్లో పెట్టుకుంది.

ఆవిడ మొహం మొదట తెల్లబోయింది. తర్వాత ఎర్రబడింది. "ఇదా నా చేతి మీదుగా పోయింది?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమ్మలకి దూరంగా ఉన్న పిల్లలకి ఇదా పెట్టాను ఇన్నాళ్లూ? జ్వరమొచ్చినవాడికి కూడా ఇంతకన్నా నయంగా పెడతారే. ఒరేయ్ శంకర్, అయ్యగారి ఆరోగ్యం కోసం నోరు మూసుకున్నావు సరే, నాకొచ్చి చెప్పడానికి నీకేం రోగం?"

శంకర్‌కి ఆ ఆలోచనే రాలేదు. అతనికే కాదు, ఎవరికీ రాలేదు. వంటావిడ రుచి చూడదు కాబట్టి రుచి గురించి ఆవిడతో మాట్లాడకూడదని అందరూ అనుకున్నారు. చదువుకున్నవాళ్లే అందరూ.

సుందరమ్మ కొంగు బిగించి, కూర మళ్లీ పొయ్యెక్కించి, ఉప్పు గుప్పెడు తీసింది. ఒక్క క్షణం చేతివంక చూసుకుని, ఇది సరిగ్గానే ఉందని తేల్చుకుని, వేసింది. మృదుల పాత ఆకు తీసేసి కొత్తది వేసింది. ఈసారి కేశవరావు నమలడం గురించి ఆలోచించలేదు. తిన్నాడు. మారు అడిగాడు. పులుసు కూడా బాగుచేయించుకుని తాగాడు. పొట్లాలు అక్కడే పడి ఉన్నాయి, వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

తినడం అయ్యాక ఆయన తీరిగ్గా కోదండరామ్ వైపు తిరిగాడు. "మీరూ ఓ ముక్క రుచి చూసి చెప్పండి. ఎలా ఉంది?"

మృదుల కళ్లతోనే చెంచా కొన అంది. కోదండరామ్ కొనతోనే తీసుకున్నాడు. నాలుక మీద పడగానే సముద్రం నీళ్లు మింగినట్టయింది. చెవుల దాకా జివ్వుమంది. అద్భుతం అనేస్తే అందరూ సంతోషిస్తారు. తన నాలుక ఇంకా పనిచేస్తోందని అనుకుంటారు. ఇన్నేళ్లూ రోజూ పొద్దున్న అన్న మాటే, ఇంకొక్కసారి అంటే ఎవరికీ నష్టం లేదు.

"ఉప్పుకషాయంలా ఉందండీ," అన్నాడు. "అంటే మీ అందరికీ సరిగ్గా ఉందన్నమాట. ఈ విషయంలో ఇంక నా మాట వినకండి."

కేశవరావు అతని మొహంలోకి చూసి పొట్ట కదిలేలా నవ్వాడు. "రుచి తెలీదని చెప్పి కూరలమ్మే మనిషిని ఇన్నాళ్లకి చూశానండీ. నాలుగు షాపుల్లోనూ పెడదాం. మొదటి లోడు ఎప్పుడు పంపుతారు?"

శంకర్ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. వెనక డబ్బాలు కట్టే అమ్మాయి ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు. సోమవారమే పంపిస్తామని అనబోయిన కోదండరామ్ నాలుక్కరుచుకుని, "పిన్నిగారిని అడగండి," అన్నాడు.

సుందరమ్మ చేతులు తుడుచుకుంటూ క్యాలెండరు దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సర్దుకుని, వేలు పెట్టి చూసింది. "అమావాస్య వెళ్లనివ్వండి," అంది. "ఎదురుగా అమావాస్య పెట్టుకుని కొత్త పని మొదలెట్టడం మా ఇంటా వంటా లేదు."

నెల్లాళ్లు కారు వెనక కుక్కలా తిరిగి తెచ్చుకున్న ఆర్డరు. మనిషి ఎదురుగా కూర్చుని ఎప్పుడు పంపుతారని అడుగుతున్నాడు. అమావాస్యకి ఇంకా వారం ఉంది. మునుపటి కోదండరామ్ అయితే కప్పు ఎగిరిపోయేది. ఇప్పటి కోదండరామ్ ఊపిరి గుండెల నిండా పీల్చి, నెమ్మదిగా వదిలి, "అలాగే పిన్నిగారూ," అన్నాడు.